ముద్ద దిగని రోజులు

గంజాయి తగ్గిస్తున్నానని తెలిసిన నలుగురూ ఒకటే మాట అడిగేవాళ్ళు: "మళ్ళీ కొట్టాలనిపించట్లేదేట్రా?" అనిపించేది. ఆ లాగుడు ఉంటుందని తెలిసే, దానికి సిద్ధపడే దిగాను. అన్నం సంగతే ఎవరూ చెప్పలేదు. ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆకలి లేచి వెళ్ళిపోతుందని నాకేం తెలుసు? అంతకుముందు మానేసి మళ్ళీ మొదలెట్టినప్పుడల్లా మత్తు మీద మోజే నన్ను లాగిందనుకునేవాణ్ణి. ఇప్పుడాలోచిస్తే అందులో సగం పాపం ఖాళీ కడుపుది.

మాది విశాఖపట్నం. ఫ్లెక్సీలు, పెళ్ళిపత్రికలు డిజైన్ చేసే డీటీపీ పని నాది. ముహూర్తాలో ఎన్నికలో వచ్చాయంటే తెల్లార్లూ కంప్యూటర్ ముందే. ఏజెన్సీ కొండలు దగ్గర్లో ఉన్న ఊరు కాబట్టి సరుకుకి లోటుండేది కాదు. రాత్రి పనికి తోడుగా మొదలైంది కొన్నేళ్ళలో పొద్దుటి టీ కన్నా ముందుకొచ్చేసింది. తిండి కూడా దాని వెనకే నడవడం అలవాటైంది. మధ్యాహ్నం కేరేజీ విప్పేముందు షాపు వెనక సందులో రెండు దమ్ములు, రాత్రి అన్నానికి ముందు మేడ మీద ఇంకొకటి. అది కొట్టాక ఆవకాయ ముద్ద నోట్లో పెడితే ప్రపంచంలో ఇంక వేరే పనేం మిగల్లేదనిపిస్తుంది. "మావాడు కంచం ఖాళీ చేసేదాకా లేవడు" అని అమ్మ చుట్టాల దగ్గర గొప్పగా చెప్పుకునేది.

ఒక్కసారిగా మానడం నావల్ల కాదని కొంచెం కొంచెంగా తగ్గించాను. ముందు పొద్దుటిది, ఆ తర్వాత మధ్యాహ్నానిది తీసేసి రాత్రిది ఒక్కటీ ఉంచుకున్నాను. రెండోనాటికే తేడా తెలిసింది. కేరేజీ మూత తీశాను. బెండకాయ వేపుడు, టమాటా చారు. వాసన తగలగానే గొంతు మూసుకుపోయింది. సరేలెమ్మని ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. నములుతున్నాను, ఇంకా నములుతున్నాను, అది మెత్తబడుతోందే గానీ లోపలికి వెళ్ళదు. రుచి తెలుస్తోంది, ఉప్పు సరిపోయిందని కూడా చెప్పగలను. ఆ రుచికి కడుపులోంచి బదులు మాత్రం లేదు. మంచినీళ్ళు పోసుకుని మింగాను. రెండో ముద్దకి వాంతి వచ్చినంత పనైంది. మిగిలింది షాపు ముందు పడుకునే కుక్కకి పెట్టేశాను. ఆ నెలలో అది బాగా ఒళ్ళు చేసింది.

పొద్దున లేస్తే వికారం. ఇంట్లో ఇంగువ తాలింపు వేస్తే నేను వీధిలోకెళ్ళి నిలబడేవాణ్ణి. రాత్రి ఆ ఒక్కటీ కొట్టాక మాత్రం ఇంత పెరుగన్నమో, రెండు చపాతీలో లోపలికెళ్ళేవి. అంటే పగలంతా ఉపవాసం, ఊరు పడుకున్నాక భోజనం. బెల్టుకి మేకుతో కొత్త కన్నం పొడుచుకున్నాను.

అమ్మ ముందు కామెర్లనుకుంది. కింది రెప్ప లాగి చూసింది, గోళ్ళు చూసింది, పసరు పోసేవాళ్ళ దగ్గరికి పోదామని పట్టుబట్టింది. ఆదివారం ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు కాబట్టి దిష్టి గట్టిగానే తగిలిందని తేల్చేసింది. అవన్నీ ఓర్చుకోవచ్చు. నేను కంచంలో అన్నం వదిలేసి లేస్తే మాత్రం, "నా చేతి వంట నచ్చట్లేదేట్రా నాన్నా?" అనేది. దానికేం చెప్పను?

అసలు మెలిక ఇక్కడుంది. ఒక్క దమ్ము కొడితే పావుగంటలో ఆకలేస్తుంది. మందుల షాపులో ఏ టానిక్కూ అంత తొందరగా పనిచెయ్యదు. అప్పుడు మనసు చాలా పద్ధతైన లెక్క ఒకటి చెబుతుంది. మత్తు కోసం అయితే తప్పు గానీ, అన్నం కోసమైతే తప్పేముంది? మధ్యాహ్నం ఒక్కటే, అదీ సగమే, నాలుగు మెతుకులు పడేదాకానే. అలా తగ్గించిందంతా వారం తిరిగేసరికి మళ్ళీ మొదటికొచ్చేది.

ఆఖరికి అప్పకి, అంటే మా అక్కకి, చెప్పాను. గాజువాకలో ఉంటుంది, స్కూల్లో లెక్కల టీచరు. అరుస్తుందనుకున్నాను. కాసేపు ఊరుకుని, "రేపు సెలవు పెడతాను, డాక్టరు దగ్గరికెళ్దాం. అక్కడ మాత్రం అబద్ధాలాడకు" అంది. డాక్టరుకి చెబితే పోలీసులదాకా పోతుందేమోనని నా భయం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, ఎన్‌డీపీఎస్, పేరెత్తితే నాలాంటివాళ్ళకి కాళ్ళు ఆడవు. అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉందని అప్పే వెతికింది. వాడినందుకో, కొద్దిపాటి సరుకు దొరికినందుకో కేసున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోగానీ, ప్రభుత్వ గుర్తింపున్న కేంద్రంలోగానీ మాన్పించుకునే చికిత్సకి చేరి, దాన్ని మధ్యలో వదలకుండా పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ ఉండదని అందులో ఉంది. అప్ప ఫోను నా చేతికిచ్చి గట్టిగా చదవమంది. చదివాను.

మానసిక వైద్య విభాగంలో కూర్చున్న డాక్టరమ్మ నాకన్నా చిన్నదే. ఎన్నేళ్ళ నుంచి, రోజుకెంత, పొగాకు కలుపుతారా, మందు కూడా ఉందా అని బజార్లో వంకాయల ధర అడిగినంత మామూలుగా అడిగింది. ఆ తర్వాత ఒక వింత ప్రశ్న: "పదే పదే వాంతులవుతున్నాయా? వేణ్ణీళ్ళ స్నానం చేస్తే హాయిగా ఉంటోందా?" లేదన్నాను. ఏళ్ళ తరబడి గట్టిగా వాడేవాళ్ళలో కొందరికి వాంతులు పట్టుకుని వదలవట. వేడినీళ్ళ కింద నిలబడితే కాస్త ఊరట. అడిలైడ్ దగ్గరి కొండ ప్రాంతంలో ఇలాంటి రోగుల్ని గమనించి ఆస్ట్రేలియా డాక్టర్లు 2004లో మొదటిసారి రాశారు. అది వాడుతున్నప్పుడు వచ్చే జబ్బు, నాది తగ్గిస్తుంటే వచ్చింది. అయినా ఊరికే వదల్లేదావిడ. బరువు తగ్గుతున్నాడంటే అన్నీ గంజాయి ఖాతాలో వేసెయ్యకూడదని లివర్, థైరాయిడ్, షుగర్ పరీక్షలూ, టీబీ అనుమానంతో ఛాతీ ఎక్స్‌రే కూడా రాసింది. అన్నీ మామూలుగానే వచ్చాయి. ఆ కాగితం చూశాకే అమ్మ పసరు మాట వదిలింది.

గంజాయికి విత్‌డ్రాయల్, అంటే మానేస్తే ఒళ్ళు పడే బాధ, ఉండదని మా జట్టులో అందరం గట్టిగా నమ్మేవాళ్ళం. అదంతా సారాకీ హెరాయిన్‌కీ అనేవాళ్ళం. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5 అనే మానసిక జబ్బుల పుస్తకంలో గంజాయి విత్‌డ్రాయల్‌ని విడిగా చేర్చారు. చిరాకు, ఆందోళన, నిద్ర పట్టకపోవడంతోపాటు ఆకలి పడిపోవడం, బరువు తగ్గడం కూడా అందులో ఉన్నాయి. మామూలుగా ఒకటి నుంచి మూడు రోజుల్లో మొదలై, మొదటి వారంలో ముదిరి, రెండు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. మరి నాకెందుకు ఇన్ని వారాలు? ఆవిడ చెప్పిన జవాబు విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తగ్గించడం, అన్నం కోసమని మళ్ళీ పెంచడం, మళ్ళీ తగ్గించడం. ప్రతిసారీ నేను పడుతున్నది మొదటి వారమేనట.

చీటీ వెనక బొమ్మ గీసి చూపించింది. మెదడులో హైపోథాలమస్ అనే చోట ఆకలిని నడిపే కణాలుంటాయి. అక్కడ సీబీ1 అనే గ్రాహకాలు, అంటే కణాల మీద సంకేతాలు అందుకునే చోట్లు, ఉన్నాయి. మన ఒంట్లోనే తయారయ్యే కొన్ని పదార్థాలు వీటికి తగులుకుని తిండి మీద ధ్యాస పుట్టిస్తాయి. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ కూడా వీటికే తగులుకుంటుంది, చాలా ఎక్కువగా. ఏళ్ళ తరబడి అదే పనైతే మెదడు ఆ గ్రాహకాల్ని తగ్గించేసుకుంటుంది. ఇప్పుడు పైనుంచి వచ్చే సరుకు తగ్గింది, ఒంట్లో తయారయ్యేది మిగిలిన కాసిని గ్రాహకాల మీద సరిగ్గా పనిచెయ్యట్లేదు. మానేశాక అవి రోజుల్లోనే కోలుకోవడం మొదలుపెట్టి, సుమారు నాలుగు వారాలకి మామూలు స్థాయికొస్తాయని మెదడు స్కానింగులతో చేసిన పరిశోధనల్లో తేలింది.

ఇంకో సంగతి ఆ తర్వాత నేనే చదువుకున్నాను. సీబీ1ని మూసేసే రిమోనబాంట్ అనే మందుని లావు తగ్గడానికని 2006లో యూరప్‌లో అమ్మకానికి పెట్టారు. ఆకలి తగ్గింది, బరువూ తగ్గింది. వాడినవాళ్ళలో దిగులూ, ఆత్మహత్య ఆలోచనలూ కనబడటంతో 2008లో ఆపేశారు. అది చదివాక ఒక చిక్కు విడింది. ఆ రోజుల్లో నాకు అన్నమంటే విసుగు, మనుషులంటే విసుగు. రెండూ ఒకే చోటినుంచి వస్తున్నాయన్నమాట. పత్రికలో 'చి.ల.సౌ.'కి చుక్క పడలేదన్న పెద్దమనిషి మీద నేను అరిచిన అరుపు ఆయనకి సంబంధించింది కాదు.

దీనికంటూ ప్రత్యేకంగా మందు లేదంది డాక్టరమ్మ. వికారానికి, నిద్రకి కొద్దిరోజులకి సరిపడా బిళ్ళలు రాసింది. అసలు చికిత్స ఒక్క మాటలో ఉంది: "రాత్రిది తినే ముందు వద్దు. తిన్న గంటకి." రెంటికీ పడిన ముడి ముందు ఊడాలి, ఆ తర్వాత తారీఖు పెట్టుకుని అదీ ఆపెయ్యాలి. వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది. చేసిన రాత్రి తెలిసింది. మేడ మీదకి పోకుండా నేరుగా కంచం ముందు కూర్చుంటే చేతులు ఏం చెయ్యాలో మర్చిపోయినట్టున్నాయి. నాలుగు ముద్దలు తిన్నాను, అవీ మజ్జిగ పోసుకుని జుర్రుకుంటే.

ఆకలేసినప్పుడు తిందామంటే ఆ రోజు రాదు. అప్ప గడియారం పెట్టింది. పొద్దున ఎనిమిదికి చోడి (రాగి) అంబలి, పల్చగా, మజ్జిగ కలిపి, పక్కన పచ్చి ఉల్లిపాయ. పదకొండుకి అరటిపండు. మధ్యాహ్నం తరవాణి అన్నం. చిన్నప్పుడు మా నాయనమ్మ ఇంట్లో తిన్న తిండి అది, షాపులో అందరూ నవ్వారు. సాయంత్రం ఉడకబెట్టిన గుడ్డు, వేరుశనగ ఉండ. రాత్రి ఏది దిగితే అది. నమిలేదాని కన్నా తాగేది సులువు. వేడివేడిగా పొగలొచ్చేదాని కన్నా చల్లారింది సులువు, వాసన తక్కువ. నూనె మరిగిన వాసన వస్తే ఆ పూట పోయినట్టే. పొగలేని చేతికి నేను టీ గ్లాసూ సిగరెట్టూ అలవాటు చేశాను, ఉన్న కాస్త ఆకలినీ అవి చంపేసేవి. నికోటిన్ ఆకలిని అణుస్తుంది, పరగడుపున టీ పడితే కడుపులో మంట. సిగరెట్లు పూర్తిగా పోలేదు గానీ తిండికి ముందు గంట మాత్రం ముట్టనని ఒప్పుకున్నాను.

తారీఖు వచ్చింది, ఆ ఒక్కటీ కూడా ఆగింది. రాత్రుళ్ళు చెమటకి దిండు తడిసిపోయేది. ఏళ్ళుగా రాని కలలన్నీ ఒక్కసారే వచ్చాయి, రంగులతో, మాటలతో సహా. అందులో సగం పెళ్ళి భోజనాల కలలే కావడం నాకిప్పటికీ నవ్వు తెప్పిస్తుంది.

ఆకలి తిరిగొచ్చిందని నాకు వెంటనే తెలియలేదు. ఒకరోజు పదకొండు దాటాక పై కడుపులో మెలిపెడుతోంది, గుడగుడమంటోంది, పని మీద చెయ్యి నిలవట్లేదు. గ్యాసనుకుని మందుల షాపుకి బయల్దేరాను. దారిలో బండి మీద ఇడ్లీ కనిపిస్తే, ఏమైతే అయిందని ఒక ప్లేటు తిన్నాను. ఆఖరి ముక్కకి నొప్పి పోయింది. అక్కడే నిలబడి ఇంకో ప్లేటు అడిగాను. నాకు ఇన్నాళ్ళూ తెలిసిన ఆకలి పొగ వెనకాల వచ్చేది, తలలో పుట్టేది. కడుపులో పుట్టే ఆకలి ఎలా ఉంటుందో ఒంటికి గుర్తు లేకుండా పోయింది.

ఇప్పుడు బెల్టు పాత కన్నానికి వచ్చింది. పూర్వంలా గుట్టలు గుట్టలుగా తినను. తినలేను కూడా. అమ్మ దానికి ఇంకా కొంచెం నొచ్చుకుంటుంది. నిద్ర ఇంకా దారిన పడలేదు. దానికి నెల పైన పట్టొచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది.

ఇంట్లో ఇలాంటివాడెవడైనా ఉంటే కంచం ముందు కాపలా కూర్చోకండి. గ్లాసుడు అంబలి చేతికిచ్చి పక్కకెళ్ళండి. నీళ్ళు కూడా కడుపులో నిలవకపోయినా, రెండు మూడు వారాలు దాటినా బరువు తగ్గుతూనే ఉన్నా, బతకాలని లేదన్న మాట వినిపించినా ఇంటి వైద్యం వద్దు, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే వ్యసనాల విషయానికి 14446, మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416. రెండూ ఉచితమే. టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు.