అమ్మమ్మ పట్టుచీర, ఎవరిదో జీన్స్ జాకెట్టు

"అమ్మమ్మా, నీ చీరతో జాకెట్టు చేసుకుంటా" అని మా అమ్మాయి ఫోన్‌లో చెప్పగానే అమ్మ తెగ సంబరపడింది. తెనాలిలో జాకెట్టంటే రవిక మరి. ఇక్కడ ఇంగ్లండులోని రెడింగ్‌లో అది పాతబట్టలమ్మే చారిటీ షాపులో 6 పౌండ్లకు కొన్న జీన్స్ కోటు. ఎవరు తొడిగి వదిలేసిందో! నేను దాన్ని రెండుసార్లు ఉతికితే పిల్ల నవ్వింది. పెద్దమ్మ కూతురి పాత గౌన్లు వేసుకున్నందుకు బళ్ళో తలొంచుకు తిరిగినదాన్ని నేను. 14 ఏళ్ళ ఇదేమో డబ్బిచ్చి మరీ కొనుక్కుని ఫ్రెండ్స్‌కి గొప్పగా చూపిస్తోంది.

చీర ధర్మవరం పట్టు, నా పెళ్ళిలో అమ్మ కట్టుకున్నది. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉండి, ఆ మడతల వెంటే పిగిలిపోయింది. అప్పుడప్పుడు మడత మార్చమని అమ్మ చెబుతూనే ఉండేది. సూట్‌కేసు తెరిస్తేగా! అక్కడైతే జరీ కోసం పాత చీరలు కొనేవాళ్ళకి ఎప్పుడో ఇచ్చేసేదాన్ని.

పిల్ల ముందు న్యూస్‌పేపర్ మీద కొలతలు గీసి కత్తిరించింది. కొంగు కోటు వీపుకి, అంచు చేతులకి. కత్తెర చీర మీద పెట్టేసరికి నేను చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఇస్త్రీ చేసి అంటించే ఫ్యూజింగ్ ఒక ముక్కకి వేసి చూస్తే పట్టు అట్టలా బిగిసింది. నేరుగా మిషన్ మీద కుడితే సూది పడ్డ చోటల్లా చీలింది. చివరికి నా పాత నూలు చున్నీ అడుగున వేసి, చేత్తో దగ్గర దగ్గరగా కుట్లు వేసుకుంటూ పోయింది. అచ్చం బొంత కుట్టే! ఎక్కడ నేర్చుకున్నావంటే, వీడియోలో, జపాన్ వాళ్ళ సాషికో కుట్టు అంది. అమ్మ కుట్టిన బొంతేమో దాని మంచం మీదే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో మొదలై, 1941 నుంచి 1949 దాకా, ఇక్కడ బట్టలకి రేషన్ కూపన్లుండేవట. పాతవాటిని బాగుచేసుకోవడం మీద 1943లో ప్రభుత్వమే చిన్న పుస్తకం వేసిందట. పిల్ల హిస్టరీ క్లాసులో విన్నది అమ్మకి చెబితే, "మాకూ కార్డు మీద జనతా చీరలిచ్చార్లే" అని తేలిగ్గా తీసేసింది.

పూర్తయ్యాక వీడియో కాల్‌లో కోటు వేసుకుని వెనక్కి తిరిగి, చేతులు చాపి చూపించింది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"బాగుందే తల్లీ. ఎడమచేతికి మాత్రం గోపురాలు తలకిందులుగా ఉన్నాయి. విప్పి తిరగేసి కుట్టు."

"అవి ట్రయాంగిల్స్ కదమ్మా?" అని నన్నడుగుతూనే పిల్ల కుట్లు విప్పడం మొదలుపెట్టింది.