నిమిషానికి 42 చుక్కలు

వార్డులో సెలైన్ చుక్కలు సరిచేయడం నాకు అలవాటైన పని. 1000 మిల్లీలీటర్లు, 8 గంటలు, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెలైన్ గొట్టం (సెట్) అయితే నిమిషానికి దాదాపు 42 చుక్కలు. నర్సింగ్ రెండో ఏడాది పరీక్షలో ఇదే లెక్క వచ్చింది. చేతులు చల్లబడ్డాయి. గంటల్ని నిమిషాలుగా మార్చడమే మరిచిపోయాను. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను. మార్కులు పోయాయని కాదు, ఆ మంచం మీద నిజంగా మనిషి ఉండి ఉంటే ఏమయ్యేదో అని.

ఇప్పుడు నేను నర్సింగ్ ట్యూటర్‌ని. బాగా చదివిన పిల్లలే తడబడటం చూస్తుంటాను. 1967లో లీబర్ట్, మోరిస్ అనే మనస్తత్వ పరిశోధకులు పరీక్ష భయాన్ని రెండుగా విడదీశారు. గుండెదడ, చెమట లాంటి శరీరపు అలజడి ఒకటి; ‘ఫెయిలైతే ఎలా’ అని మనసులో తిరిగే చింత మరొకటి. మార్కుల్ని ఎక్కువగా దెబ్బతీసేది ఆ చింతే. లెక్క చేసేటప్పుడు అంకెల్ని గుర్తుంచుకోవాల్సిన చోటును అదే ఆక్రమిస్తుంది.

అందుకే ప్రాక్టికల్స్ ముందు పది నిమిషాలు వాళ్ల భయాన్ని కాగితం మీద రాయిస్తాను. దాన్ని ఎవరూ చదవరు, నేను కూడా. టెన్షన్ పూర్తిగా పోదు, పోనక్కర్లేదు కూడా. కొంచెం ఉంటేనే మందు లేబుల్ రెండోసారి చూస్తారు.

నిన్న ఒకమ్మాయి మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని, “మేడమ్, యూనిట్ తప్పు రాశాను, మళ్లీ చేస్తాను” అంది. చేసింది.