ముందు సీసా ఇవ్వు

పోయిన వారం మా పెద్దాడికి గొంతు నొప్పి, ఒళ్ళు వెచ్చబడింది. మందు కప్పులో పోసి తీసుకెళ్తే వాడు కప్పు అందుకోలేదు. చెయ్యి చాపి "ముందు సీసా ఇవ్వమ్మా" అన్నాడు. సీసా తిప్పి వెనకున్నదంతా చదివాడు. కప్పులో గీత చూసుకున్నాడు. అప్పుడు తాగాడు. వాడికి పదకొండేళ్ళు.

వాడు అలా అవడానికి కారణం నేనే. అది రాసుకుంటే తప్ప మనసు కుదురుకునేలా లేదు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండింటికి చిన్నదానికి 102.6 జ్వరం. ఆయన ఊళ్ళో లేరు. జ్వరానికి వేసే టైలినాల్ సీసా తీస్తే అడుగున నాలుగు చుక్కలున్నాయి. ఇద్దర్నీ లేపి కార్లో వేసుకుని ఫార్మసీకి వెళ్ళే ఓపిక లేదు. అప్పుడు గుర్తొచ్చింది, డిసెంబరులో ఖమ్మం నుంచి తెచ్చుకున్న జ్వరం సిరప్ ఉందని. పారాసిటమాల్. ఇక్కడ అమెరికాలో దాన్నే ఎసిటమినోఫెన్ అంటారు, టైలినాల్‌లో ఉండేదీ అదే. ఒకే రసాయనం పొడుగాటి పేరులోంచి వాళ్ళొక ముక్క, వీళ్ళొక ముక్క తీసుకుని పెట్టిన పేర్లు. రెండూ ఒకటేనని నాకు బాగా తెలుసు. ఆ ధైర్యమే కొంప ముంచబోయింది.

టైలినాల్ కప్పు తీసుకున్నాను. మా అమ్మాయి బరువు 50 పౌండ్లు. ఆ బరువుకి 10 ఎంఎల్ అని నాకు కంఠతా వచ్చు. ఖమ్మం సిరప్ ఆ గీత దాకా పోశాను.

అలికిడికి పెద్దాడు లేచొచ్చాడు. బల్ల మీదున్న సీసా చేతిలోకి తీసుకుని, "అమ్మా ఆగు. దీని మీద 250 అనుంది. మన దాని మీద 160 కదా?" అన్నాడు.

ఇక్కడి పిల్లల టైలినాల్‌లో 5 ఎంఎల్‌కి 160 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. మన దగ్గర పిల్లల సిరప్‌లు 120వీ ఉంటాయి, 250వీ ఉంటాయి. నేను తెచ్చుకున్నది 250ది. అంటే 320 మిల్లీగ్రాములు వెయ్యాల్సిన పిల్లకి 500 పోసి పెట్టుకున్నాను.

అప్పుడు నేను అన్న మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది. "గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టుంది. నాకు నేర్పేంతవాడివయ్యావా? వెళ్ళి పడుకో" అన్నాను, గట్టిగా. జ్వరంతో మూలుగుతున్న పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. వాడు వెళ్ళలేదు. సీసా వదల్లేదు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా, స్కూలు నోట్‌బుక్ వెనక పేజీలో లెక్క వేసి నా ముందు పెట్టాడు. ఒక ఎంఎల్‌లో 50. 320ని 50తో భాగిస్తే 6.4. నేను మాట్లాడకుండా కప్పు సింకులో ఒంపేసి, సిరంజితో 6 ఎంఎల్ తీసి పిల్లకి పట్టాను. గంటకి జ్వరం దిగింది. వాడు సోఫాలోనే పడుకుండిపోయాడు.

ఒక్క డోసుతో ఏమీ అయ్యేది కాదేమో. కానీ నేను ఒక్క డోసుతో ఆగేదాన్ని కాదు. జ్వరం తిరగబెట్టినప్పుడల్లా, రోజుకి నాలుగైదుసార్లు, ఆ కప్పుతోనే అంతే పోసేదాన్ని. పారాసిటమాల్ ఎక్కువైతే దెబ్బతినేది కాలేయం. ఇది నాకు తెలియని విషయం కాదు. తెలిసీ లేబుల్ చూడలేదు. ఎందుకంటే అది ఇంటి నుంచి తెచ్చుకున్న మందు. అమ్మ చేసిచ్చిన కందిపొడి డబ్బా మీద ఏముందో ఎవరైనా చదువుతారా? దీన్నీ అలాగే అనుకున్నాను.

మేం పెరిగిన పద్ధతి అది. మా వీధి చివర మెడికల్ షాపు బాబాయికి మా ఇంట్లో ఎవరికి ఏది పడదో తెలుసు. "చిన్నమ్మాయికి జ్వరం" అంటే మూడు పూటలకి మూడు మాత్రలు కత్తెరతో కత్తిరించి కాగితప్పొట్లంలో పెట్టి ఇచ్చేవాడు. ఆ ముక్క మీద సగం పేరుండేది, ఒక్కోసారి అదీ ఉండేది కాదు. ఎక్స్‌పైరీ తేదీ మిగతా అట్టతో షాపులోనే ఉండిపోయేది. మేం చదివింది లేదు. ఆయన చెయ్యి మంచిదనేవాళ్ళం.

ఇక్కడికొచ్చిన కొత్తలో నాకు చాలా కష్టంగా అనిపించింది అదే. ఫార్మసీలో పొడుగాటి నడవా, తలకెత్తు అల్మరాలు, దగ్గుకే ముప్పై రకాలు. ఏది కావాలో చెప్పేవాళ్ళు లేరనుకునేదాన్ని. ఒకసారి జలుబు మాత్ర కోసం వెళ్తే లైసెన్సు అడిగారు, అవమానంగా అనిపించింది. సూడోఎఫిడ్రిన్ ఉన్న మాత్రలకి అందరినీ అలాగే అడుగుతారని, దానితో మత్తుమందు తయారు చేస్తున్నారని 2006లో చట్టం తెచ్చారని తరవాత తెలిసింది. వెనక కౌంటరులో ఉండే ఫార్మసిస్టుని ఊరికే వెళ్ళి ఏదడిగినా విడమరిచి చెప్తారని కూడా చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. మా బాబాయిలాంటివాళ్ళు ఇక్కడా ఉన్నారు. కాకపోతే మనమే వెళ్ళి అడగాలి.

ఆ జ్వరం రాత్రి తరవాత ఒక ఆదివారం మందుల డబ్బా బల్ల మీద బోర్లించాను. పెద్దాడిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. క్షమించమని అడగడం నాకు చేతకాలేదు. "నువ్వు చదువు, నేను రాస్తాను" అన్నాను.

జిందా తిలిస్మాత్ సీసా తీసి, ఇది 1920 నుంచి హైదరాబాదులో చేస్తున్నారని, చిన్నప్పుడు అమ్మ వేణ్ణీళ్ళలో రెండు చుక్కలు వేసి తాగించేదని చెప్పాను. మూత తీసి వాసన చూసి వాడు తల వెనక్కి లాక్కున్నాడు. అమృతాంజనం చూపించి, దీన్ని కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారనే తెలుగాయన 1893లో బొంబాయిలో మొదలుపెట్టారని, ఆ డబ్బుతోనే ఆంధ్రపత్రిక నడిపారని చెప్తుంటే నా గొంతులో గర్వం నాకే వినిపించింది. అదే ఊపులో "విక్స్ కూడా మనదే" అన్నాను. వాడు వెతికి చూసి, "కాదమ్మా, నార్త్ కరొలైనాది" అన్నాడు. ఇన్నేళ్ళూ దాన్ని ఊరి నుంచి పెట్టెలో పెట్టుకుని తెచ్చుకున్నాను.

విక్స్ డబ్బా మీద రెండేళ్ళలోపు పిల్లలకి రాయొద్దని ఉంది. కారణం కర్పూరం. ఛాతీకి రాసుకునే మందుల్లో కర్పూరం 11 శాతం దాటకూడదని ఇక్కడి నిబంధన. చిన్నపిల్లలు కర్పూరం మింగితే ఫిట్స్ వస్తాయి. అది చదవగానే నా చూపు పూజ అలమర మీదికి పోయింది. మా అమ్మాయి పాకే వయసులో హారతి కర్పూరం డబ్బా దాని చేతికందే ఎత్తులోనే ఉండేది. ఆ డబ్బా ఆరోజే పై అరలోకి మారింది. పిల్లలకి ఇప్పుడు ఆ భయం లేదు, అయినా మార్చాను.

డబ్బా అడుగున గుడ్డలో చుట్టిన వసకొమ్ము. మాటలు త్వరగా వస్తాయని అమ్మ పంపింది, పెద్దాడు పుట్టినప్పుడు. అరగదీసి తేనెలో నాకించమంది. తేనె ఏడాది నిండేదాకా వద్దని డాక్టరు గట్టిగా చెప్పడంతో ఆగాను. వసనైతే 1968లోనే ఇక్కడ ఆహారంలో కలపకూడదని నిషేధించారట. వాడికి మాటలు ఆలస్యంగా వచ్చాయి. మూడేళ్ళు నిండేదాకా నేను మనసులో ఆ వసకొమ్మునే తలుచుకుంటూ కుమిలిపోయాను, పట్టి ఉంటే బాగుండేదేమోనని. ఇప్పుడు వాడు వసపిట్ట. సీసాల వెనక చిన్న అక్షరాలన్నీ పైకి చదువుతాడు.

కొత్తగా వచ్చిన తల్లులు నన్ను అడుగుతుంటారు. వాళ్ళకి చెప్పేది చెప్తాను: మందు పేరు చూడండి, బ్రాండు కాదు. 5 ఎంఎల్‌కి ఎన్ని మిల్లీగ్రాములో చూడండి. ఒక దేశపు కప్పుతో ఇంకో దేశపు మందు పొయ్యకండి. చెంచాలు వద్దు, సిరంజి వాడండి. జలుబు మందులో కూడా పారాసిటమాల్ ఉండొచ్చు, ఉంటే దాని మీద మళ్ళీ జ్వరం మందు వెయ్యకండి. 2011 దాకా ఇక్కడ పసిపిల్లల చుక్కల మందు ఒక గాఢత, పెద్దపిల్లల సిరప్ ఇంకో గాఢత ఉండేవి. తల్లిదండ్రులు పొరపడుతున్నారనే అప్పుడు చుక్కల మందుని కూడా సిరప్‌లాగే 160కి మార్చారు. కాబట్టి భయపడింది మనమొక్కళ్ళమే కాదు.

ఇంత చెప్పే నేను, నాకు ఒళ్ళు నొప్పులైతే మాత్రం డోలో 650 వేసుకుంటాను. టైలినాల్‌తో తగ్గినట్టే అనిపించదు. రెండింట్లో ఉన్నది ఒకటేనని నేనే అందరికీ చెప్తాను.

ఊరెళ్ళేటప్పుడు ఇంకో రకం. మధ్యప్రదేశ్‌లో దగ్గు మందు తాగి ఇరవైమందికి పైగా పసివాళ్ళు చనిపోయారని 2025 అక్టోబరులో వార్త చూసి వారం రోజులు నిద్ర పట్టలేదు. ఆ డిసెంబరు ప్రయాణానికి పిల్లల మందులన్నీ ఇక్కడి నుంచే మోసుకెళ్ళాను. ఖమ్మంలో చిన్నదానికి జ్వరం వస్తే పెట్టెలోంచి ఐబుప్రొఫెన్ తీశాను. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "డెంగీ ఉందే ఊళ్ళో. డాక్టరుకి చూపించకుండా ఏదీ వెయ్యకు" అంది. డాక్టరు కూడా అదే అన్నారు. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఐబుప్రొఫెన్ వేస్తే రక్తస్రావం ఎక్కువయ్యే ప్రమాదం ఉంది, డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాలే వాడండి అన్నారు. ఆయన రాసిచ్చిన సిరప్పే ఫిబ్రవరిలో నేను తీసినది.

అమ్మ ఆపితే ఆగాను. కోపం రాలేదు, పైగా ధైర్యం వచ్చింది. కొడుకు ఆపితే మాత్రం అరిచాను. ఈ తేడా నన్ను ఇంకా వదల్లేదు. అమ్మకి ఖమ్మం తెలుసు, వాడికి ఈ ఊరు తెలుసు. రెండు చోట్లా నాకే ఏదో ఒకటి తెలియడం లేదు. పిల్లలు మన మీద నమ్మకంతో కళ్ళు మూసుకుని మందు మింగాలని నాకుంది, మా బాబాయి పొట్లం నేను మింగినట్టు. వాడు అలా మింగడు. మింగకూడదని నేనే అందరికీ చెప్తున్నాను. అయినా వాడు చెయ్యి చాపి సీసా అడిగిన ప్రతిసారీ నా లోపల ఏదో కలుక్కుమంటుంది. వాడికి జాగ్రత్త నేర్పానో, అమ్మని నమ్మకూడదని నేర్పానో నాకు తేలడం లేదు.

నిన్న వీడియోలో అమ్మ మాట్లాడుతూ, మాత్రల ముక్క ఒకటి తెర ముందు పెట్టి, "కళ్ళజోడు కనబడ్డం లేదురా, ఇది బీపీదో గ్యాసుదో చూసి చెప్పు" అని మనవడిని అడిగింది. కత్తెరతో కత్తిరించిన ముక్క. వాడు తిప్పమన్నాడు, దగ్గరికి పెట్టమన్నాడు, లైటు వైపు పట్టుకోమన్నాడు. "అమ్మమ్మా, అప్పుడే వేసుకోకు. సగం పేరే ఉంది" అని, ఫోను పట్టుకుని వంటింట్లో ఉన్న నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.