కమ్యూట్ చేసిన పెన్షన్ కూడా జీతంలోంచి పోతుంది

సీబీఐ లాంటి కేంద్ర సంస్థలు రిటైరైన ఇన్‌స్పెక్టర్లను, డీఎస్పీలను కన్సల్టెంట్లుగా తీసుకుంటామని నోటిఫికేషన్లు ఇస్తుంటాయి. దరఖాస్తు పెట్టే ముందు జీతం ఎంత వస్తుందో కాగితం మీద వేసుకోండి. చాలామంది తడబడేది అక్కడే.

కేంద్ర ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లకు కేంద్ర ఆర్థిక శాఖలోని వ్యయ విభాగం 2020 డిసెంబరు 9న ఇచ్చిన మెమోయే ఆధారం. రిటైరయ్యేనాటి బేసిక్ పే లోంచి బేసిక్ పెన్షన్ తీసేస్తే మిగిలేదే నెల జీతం. ఆ బేసిక్ పెన్షన్ అంటే బ్యాంకులో పడేది కాదు, రిటైరయ్యేనాడు ఖరారు చేసిన పూర్తి పెన్షన్. చివరి పే 80,000, పెన్షన్ 40,000 అనుకుందాం. అందులో 40 శాతం కమ్యూట్ చేస్తే, అంటే నెలనెలా తీసుకునే బదులు ఆ వాటాకు సొమ్ము ఒకేసారి తీసేసుకుంటే, 16,000 పోయి చేతికి 24,000 వస్తుంది. చాలామంది 80,000లోంచి 24,000 తీసి, జీతం 56,000 అని లెక్కేసుకుంటారు. వచ్చేది 40,000. కమ్యూటేషన్ సొమ్ము ముందే తీసుకున్నారు కాబట్టి ఆ 16,000 కూడా మినహాయింపులో కలుస్తుంది. పీపీఓలో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులో) రెండు అంకెలూ ఉంటాయి, పెద్దదే చూడండి.

ఆ జీతం కాంట్రాక్టు ముగిసేదాకా మారదు. ఇంక్రిమెంటు, డీఏ ఉండవు. నెలకు ఒకటిన్నర రోజు సెలవు, అదీ క్యాలెండర్ సంవత్సరం దాటితే పోతుంది. మొదట ఏడాదికి మించకుండా తీసుకుంటారు, తర్వాత పొడిగించవచ్చు.

రాష్ట్ర పోలీసు నుంచి రిటైరైనవాళ్లు ఈ లెక్క తమకూ వర్తిస్తుందని నోటిఫికేషన్‌లో రాసి ఉందో లేదో చూసుకోవాలి. వయోపరిమితిని మరీ జాగ్రత్తగా చూడాలి. కేంద్రంలో 60కి రిటైరైనవాళ్లను దృష్టిలో పెట్టుకుని 65 అని రాస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 62కి దిగినవాళ్లకు మిగిలేది మూడేళ్లే. 61కి దిగే తెలంగాణవాళ్లకు నాలుగు.

విజిలెన్స్ క్లియరెన్స్ కోసం కొత్త సంస్థ మీ పాత ఆఫీసుకు రాస్తుంది. ఆ ఫైలు కదలక ఆలస్యమయ్యే అవకాశం ఉంది. రిటైర్మెంట్ ఉత్తర్వు, పీపీఓ, చివరి జీతం సర్టిఫికెట్, శాఖాపరమైన విచారణ ఏదైనా ఉండి ముగిసి ఉంటే ఆ ముగింపు ఉత్తర్వు జిరాక్సులు ముందే సిద్ధం చేసుకోండి.

చేరినంత మాత్రాన ఖాకీ తిరిగి రాదు. సోదా, అరెస్టు, సాక్షి వాంగ్మూలం నమోదు, కేస్ డైరీ మీద సంతకం, ఇవన్నీ సర్వీసులో ఉన్న అధికారి పనులు. పాత ఫైళ్లు చదివి లోపాలు చూపడం, ఛార్జిషీటు ముసాయిదా సరిచూడటం, కొత్తవాళ్లకు పని నేర్పడం మీ వంతు. స్టాఫ్ తక్కువగా ఉందని వాంగ్మూలం మీరే రాశారనుకోండి, "ఆ తేదీన మీరు ఏ హోదాలో ఉన్నారు?" అని డిఫెన్స్ లాయరు క్రాస్‌లో అడిగే ఒక్క ప్రశ్నకు కేసే బలహీనపడుతుంది. మీ మంచితనం నిందితుడికి పనికొస్తుంది. అలాంటి పని చెబితే కుదరదని రాతపూర్వకంగా చెప్పండి.

లంచం విషయంలో మాత్రం హోదా లేదన్న మాట చెల్లదు. ప్రభుత్వ జీతం తీసుకునేవారెవరైనా అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 2(సి) ప్రకారం పబ్లిక్ సర్వెంటే.

ఐపీఎస్ నుంచి దిగినవాళ్లు రిటైరైన ఏడాదిలోపు ప్రైవేటు కంపెనీలో చేరాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ప్రభుత్వ సంస్థలో చేరితే ఆ నిబంధన అడ్డు రాదు.