‘ఇంట్లో ఎవరికీ చెప్పవద్దు’ అనే అధికారి

హనుమకొండలో మేముండే కాలనీలో విశ్రాంత ఉద్యోగులు ఎక్కువ. పదవీ విరమణ సొమ్మును ఫిక్స్‌డ్ డిపాజిట్లలో దాచుకున్న వీరి మధ్య ఈ మధ్య తరచుగా ‘డిజిటల్ అరెస్టు’ అనే ఫోన్ మోసం ప్రస్తావన వస్తోంది. మీ ఆధార్‌తో తీసుకున్న సిమ్ నేరానికి వాడారని మొదట టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పేరుతో ఒకడు ఫోన్ చేస్తాడు. ఆ వెంటనే పోలీసు దుస్తుల్లో మరొకడు వీడియో కాల్‌లో కనిపించి, మనీ లాండరింగ్ కేసని బెదిరించి, డబ్బంతా ‘తనిఖీ’ కోసం ఫలానా ఖాతాకు పంపమంటాడు. కాల్ కట్ చేయకూడదు, గది తలుపు తీయకూడదు, ఇంట్లో ఎవరికీ చెప్పకూడదు.

చదువుకున్నవారు ఎలా నమ్ముతారని నవ్వేవారితో నేను ఏకీభవించను. జీవితమంతా ఏ మచ్చా లేకుండా ఉద్యోగం చేసినవారికే కేసు అన్న మాట ఎక్కువ భయం పుట్టిస్తుంది.

ఆ గోప్యత షరతే మోసాన్ని బయటపెడుతుంది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న, అరెస్టు వంటి వాటి పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. పైగా నిజమైన అరెస్టులో పోలీసులు రాసే పత్రంపై కుటుంబ సభ్యుడో, స్థానికంగా గౌరవనీయుడైన వ్యక్తో సాక్షి సంతకం చేయాలి. అరెస్టు సంగతి బంధువుకో, స్నేహితుడికో తెలియజేయాలి. ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అంటే చట్టం మనవారికి చెప్పమంటుంటే, దొంగ చెప్పవద్దంటున్నాడు.

కాబట్టి ఫోన్ పెట్టేసి ముందుగా భార్యకో, భర్తకో, కొడుకుకో, కూతురికో చెప్పండి. అనుమానం తీరకపోతే దగ్గరి పోలీసు స్టేషనుకు స్వయంగా వెళ్లండి. వాడిచ్చిన నంబరుకు మాత్రం తిరిగి ఫోన్ చేయవద్దు. డబ్బు పోకపోయినా ఆ నంబరును కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని ‘చక్షు’ అనే ఫిర్యాదుల విభాగంలో నమోదు చేయవచ్చు.

డబ్బు పంపేసి ఉంటే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఆ సొమ్మును మోసగాళ్లు వెంటవెంటనే ఇతరుల పేరిట ఉన్న అనేక అద్దె ఖాతాలకు మళ్లించేస్తారు. ఎక్కడైనా ఇంకా మిగిలి ఉంటేనే బ్యాంకు దాన్ని స్తంభింపజేయగలుగుతుంది. లావాదేవీ సంఖ్య, డబ్బు ఏ ఖాతాకు పంపారో ఆ వివరాలు దగ్గర పెట్టుకోండి. పోయిన సొమ్ము ఇప్పిస్తామని రుసుము అడుగుతూ కొత్తగా ఎవరైనా ఫోన్ చేస్తే, వారూ మోసగాళ్లేనని గుర్తించండి. వాట్సాప్‌లో వచ్చిన నకిలీ వారెంట్లను, సందేశాలను సిగ్గుపడి చెరిపేయవద్దు. ఫిర్యాదుకు అవే ఆధారాలు.