రెండు ఇళ్లు, ఒక సరస్సు, మధ్యలో మెగ్గెన్ మిట్ట

"సరస్సు ఒడ్డునే కదా, దారంతా చదునుగా ఉంటుంది" అని మా బావమరిదికి మాట ఇచ్చింది నేనే. ఆ మాటను అతను ఇప్పటికీ వదలడం లేదు.

సెలవులకు విశాఖ నుంచి జూరిక్‌లోని మా ఇంటికి వచ్చాడు. చిన్నప్పుడు విజయనగరం సంగీత కళాశాలలో నాలుగేళ్లు వయొలిన్ నేర్చుకున్నవాడు. అలాంటివాడికి మంచుకొండలూ చాక్లెట్లూ చూపించి పంపేయడం ఏం బాగుంటుందని, లూసెర్న్ వెళ్లి ఇద్దరు సంగీతకారుల ఇళ్లు ఒకే రోజున సైకిల్ మీద చూసొద్దామన్నాను. ఊరి అంచున ట్రిబ్షెన్‌లో జర్మన్ సంగీతకర్త వాగ్నర్ ఉన్న ఇల్లు. అక్కడి నుంచి సరస్సు చుట్టూ ఇరవై కిలోమీటర్లకు పైగా పోతే, హెర్టెన్‌స్టైన్‌లో రష్యన్ సంగీతకర్త రహ్మానినోవ్ కట్టించుకున్న ఇల్లు.

ఈ ప్రయాణాన్ని చివరి నుంచి మొదటికి అల్లుకోవాల్సి వచ్చింది. రహ్మానినోవ్ ఇంటికి వెళ్లి తలుపు తడితే తెరవరు; ముందుగా పేరు నమోదు చేసుకుని, గైడు వెంట లోపలికి వెళ్లాలి. మాకు దొరికింది మధ్యాహ్నం రెండున్నర. వాగ్నర్ మ్యూజియం సోమవారం మూత, మిగతా రోజుల్లోనూ పదకొండింటికి గానీ తెరవరు. అంటే ఆ ఇంట్లో గంట, ఆ తర్వాత దారికి రెండు గంటలు. కాగితం మీద సరిగ్గా సరిపోయింది.

స్విస్ రైళ్లలో సైకిల్‌కూ టికెట్ కొనాలి. నా సైకిల్‌ను పెట్టెలో ఉన్న కొక్కేనికి ముందు చక్రంతో తగిలిస్తే, మాంసం కొట్లో వేట వేలాడినట్టు ఊగుతూ లూసెర్న్ దాకా వచ్చింది. బావమరిదికి అక్కడే ఒక కొట్లో అద్దెకు తీసుకున్నాం. గొలుసు కాస్త వదులుగా ఉందని అతను అంటే, "ఈ దేశంలో అలాంటివి ఉండవు" అని తోసిపుచ్చింది కూడా నేనే.

స్టేషన్ నుంచి ట్రిబ్షెన్ దగ్గరే. పడవలు బాగుచేసే చోటు దాటి, జనం పచ్చిక మీద పడుకుని ఎండ కాగే ఒడ్డు దాటి, చిన్న గుట్ట ఎక్కితే పాప్లార్ చెట్ల వెనక తెల్లటి ఇల్లు. 1866 నుంచి 1872 దాకా వాగ్నర్ ఇక్కడే ఉన్నాడు. అద్దె కట్టింది బవేరియా రాజుగారు.

గదుల్లో చేతిరాత ప్రతులు, చిత్రపటాలు, ఆయన వాయించిన ఎరార్డ్ పియానో ఉన్నాయి. అవన్నీ బాగానే ఉన్నాయి గానీ మా వాడు కదలకుండా నిలబడిపోయింది మెట్ల దగ్గర. 1870 డిసెంబరు 25 ఉదయం, భార్య కోజిమా పుట్టినరోజు వేడుకకని, వాగ్నర్ వాద్యకారులను చడీచప్పుడు లేకుండా ఈ మెట్ల మీద నిలబెట్టాడు. ఆమె నిద్ర లేచింది ఆ సంగీతానికే. 'సీగ్‌ఫ్రీడ్ ఇడిల్' అని లోకానికి తెలిసిన ఆ రచనను ఇంట్లో పిల్లలు 'మెట్ల సంగీతం' అనేవారట. అతిథిగా వచ్చిన తత్వవేత్త నీచే కూడా ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు.

ఈ రచనను ఎన్నోసార్లు విన్నాను. వంద వాద్యాలు లేనిదే ఊపిరాడని వాగ్నర్ ఇందులో ఎందుకంత నెమ్మదించాడో ఏనాడూ ఆలోచించలేదు. మెట్లు చూశాక తెలిసింది. అక్కడ పట్టేదే అంతమంది! పదిహేను మందికి మించని మేళం. మా వాడు ఒక మెట్టు మీద నిలబడి, లేని వయొలిన్‌ను భుజానికి ఆనించి, మోచేయి కదిపి చూశాడు. చెయ్యి వెళ్లి కటకటాలకు తగిలింది. "కమాను పూర్తిగా లాగడానికి చోటు లేదు బావా. ఇక్కడ ఎవరైనా మెల్లగానే వాయించాలి" అన్నాడు.

ఆ ఇంట్లో నాకు మింగుడుపడని సంగతి ఇంకొకటి ఉంది. ఇక్కడ ఉండగానే, 1869లో, యూదు సంగీతకారులను దూషిస్తూ మారుపేరుతో రాసిన పాత వ్యాసాన్ని వాగ్నర్ సొంత పేరుతో మళ్లీ అచ్చు వేయించాడు. భార్యను అంత సున్నితంగా నిద్ర లేపిన చెయ్యే అది. 1938 ఆగస్టు 25న, నాజీల చేతికి చిక్కిన సాల్జ్‌బర్గ్‌కు ఇక రానన్న ఇటలీ సంగీత నిర్దేశకుడు టోస్కానిని, ఈ ఇంటి ముందరే కచేరీ నడిపించి అందులో మెట్ల సంగీతాన్నీ వినిపించాడు. లూసెర్న్ సంగీతోత్సవం తన పుట్టుకను అక్కడి నుంచే లెక్కపెట్టుకుంటుంది. ఆ లెక్కతో నా మనసు కొంచెం కుదుటపడింది.

పచ్చిక మీద కూర్చుని డబ్బాలోని పులిహోర ముగించేసరికి పన్నెండూ ముప్పావు. పావుగంట అప్పటికే పోయింది.

ఊరు దాటగానే మెగ్గెన్ మిట్ట మొదలైంది. సరస్సు కింద ఎక్కడో నీలంగా మెరుస్తూ ఉంటుంది, రోడ్డు మాత్రం పైకి పోతూనే ఉంటుంది. "ఇదేనా చదును?" అని వెనక నుంచి వినిపించింది. తర్వాత టక్కుమని గొలుసు ఊడిన చప్పుడు. కుస్నాక్ట్ చేరేలోగా మూడుసార్లు ఊడింది. మూడోసారి ఇద్దరం రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని, ఎండుపుల్లతో గొలుసును పళ్ల మీదకు ఎక్కించాం. గొలుసు గురించి నేను నోరెత్తలేదు. అతనూ ఎత్తలేదు. అది మరీ ఇబ్బందిగా ఉంది.

వెగ్గిస్ దాటి హెర్టెన్‌స్టైన్ చేరేసరికి రెండూ ఇరవై ఎనిమిది. నల్లటి చేతులు చూసి గైడు ముందు కుళాయి దారి చూపించింది.

ఇంటి పేరు సెనార్. ఆయన పేరు సెర్గేయ్‌లోని 'సె', భార్య పేరు నటాల్యాలోని 'నా', చివర ఇంటిపేరులోని 'ర్'. రష్యా వదిలి వచ్చినవాడు 1930ల్లో కట్టించుకున్న ఇల్లు ఇది. పాతకాలపు జమీందారీ భవంతి కాదు, నున్నటి గోడలూ చదును కప్పూ ఉన్న కొత్త తరహా ఇల్లు. సంగీతం రాసుకున్న గదిలో పెద్ద కిటికీ, పియానోలు చేసే స్టైన్‌వే వాళ్లు అరవయ్యో పుట్టినరోజుకు కానుకిచ్చిన పొడవాటి పియానో. 1934 వేసవిలో ఏడు వారాల లోపే పియానోకూ వాద్యబృందానికీ రాసిన పగనీని రాప్సొడీని ఇక్కడ పూర్తి చేశాడు. 1939 ఆగస్టు 11న, ఆ లూసెర్న్ ఉత్సవంలోనే దాన్ని వాయించి ఐరోపా వదిలాడు. నాలుగేళ్లకు అమెరికాలో పోయాడు. ఈ ఇంటికి మళ్లీ రాలేదు.

మా వాడు పియానో వైపు కాక కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఏమిటని అడిగితే, "ఇంత సరస్సు ఎదురుగా పెట్టుకుని పనెలా చేశాడా అని" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో సైకిల్ తొక్కే ప్రసక్తే లేదన్నాడు. హెర్టెన్‌స్టైన్ రేవులో పడవ ఆగుతుంది, సైకిళ్లకు విడిగా టికెట్ తీసుకుంటే సరిపోతుంది. నీళ్ల మధ్యకు వచ్చాక, ఉదయం మరిచిపోయిన సంగతి చెప్పాను. మెట్ల సంగీతంలో పట్టుమని పదమూడు ఆవర్తనాలే ఉన్న ట్రంపెట్ భాగం కోసం వాగ్నర్ సహాయకుడు హాన్స్ రిక్టర్ ఆ వాద్యం ప్రత్యేకంగా నేర్చుకున్నాడట. కోజిమా చెవిన పడకుండా పడవేసుకుని ఈ సరస్సు మధ్యకు వచ్చి సాధన చేసేవాడంటారు.

బావమరిది నవ్వాడు. "నేను మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక చేసేవాణ్ణి. కింది వాటావాళ్లు గొడవ పెట్టుకునేవారు" అన్నాడు. కాసేపాగి, "వయొలిన్ ఇంకా అటక మీదే ఉంది. తీగలు మార్పించాలి" అన్నాడు.

లూసెర్న్‌లో సైకిల్ తిరిగి ఇస్తే కొట్టువాడు గొలుసును వేలితో ఎత్తి చూసి, కాస్త వదులుగా ఉందే అన్నాడు.