పీజీడబ్ల్యూపీ: లెక్క కాన్వొకేషన్ నుంచి కాదు, మార్కులు వచ్చిన రోజు నుంచి

మాది ఖమ్మం. 2023 మే ఇన్‌టేక్‌లో కెనడా వచ్చాను, అంటారియోలో ఒక పబ్లిక్ కాలేజీలో రెండేళ్ల సప్లై చైన్ డిప్లొమా, ఉండేది బ్రాంప్టన్‌లో. 2025 ఏప్రిల్‌లో చివరి పరీక్ష అయిపోయింది, కాన్వొకేషన్ (పట్టాలిచ్చే వేడుక) జూన్‌లో. చదువయ్యాక ఇక్కడ పని చేసుకోనిచ్చే వర్క్ పర్మిట్ పీజీడబ్ల్యూపీ, దానికి అప్లై చేయడానికి కాన్వొకేషన్ నుంచి 180 రోజులు టైముంది కదా అని నిశ్చింతగా ఉన్నాను. పై గదిలో ఉండే వరంగల్ అక్క ఆ మాట విని, కడుగుతున్న గిన్నె సింకులోనే వదిలేసి నా వైపు తిరిగింది. "ఎవరు చెప్పిన్రే నీకు? మార్కులు వచ్చినయా లేదా, అది చెప్పు ముందు." మే 2న వచ్చాయక్కా అన్నాను. "అయితే ఆ రోజు నుంచే లెక్క" అంది.

ఆ రాత్రంతా కూర్చుని రూల్స్ చదివాను. 180 రోజులు నిజమే, కానీ కోర్సు పూర్తయిన 90 రోజులకో, స్టడీ పర్మిట్ మీద ఉన్న తేదీకో, ఏది ముందైతే అప్పటికి ఆ స్టడీ పర్మిట్ చెల్లకుండా పోతుంది. నాది జులై 31. అది దాటాక అప్లై చేయాలంటే స్టేటస్ పునరుద్ధరణకు అదనంగా ఫీజు కట్టాలి, లేదా దేశం దాటి వెళ్లి అక్కడి నుంచి చేసుకోవాలి. ఇంకో మాట చదివాక నాకు గుండె జారింది: కోర్సు పూర్తయినట్టు కాలేజీ చెప్పాక, వర్క్ పర్మిట్‌కి అప్లై చేసేదాకా కాలేజీ బయట పని చేయకూడదు. వేర్‌హౌస్‌లో వారానికి 24 గంటలు చేసేదాన్ని, మర్నాడే సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి షిఫ్టులు ఆపేయమన్నాను. అద్దె కట్టాల్సిన నెల అది, అమ్మకి చెప్పలేదు.

అప్పటికప్పుడు అప్లై చేద్దామంటే కంప్లీషన్ లెటర్ రాలేదు. ట్రాన్స్‌క్రిప్టూ (సెమిస్టర్ల వారీ మార్కుల పత్రం) అదీ రెండూ పెట్టాలి. మెయిల్ పెడితే ఆటోమేటిక్ జవాబే వచ్చేది, చివరికి రెండు బస్సులు మారి వెళ్లి రిజిస్ట్రార్ కౌంటర్ దగ్గర నిలబడ్డాను. మొత్తం మూడు వారాలు పట్టింది. ట్రాన్స్‌క్రిప్ట్ చేతికొచ్చాక మొదట చూసింది మూడో సెమిస్టరే. అప్పుడు జ్వరంతో ఒక సబ్జెక్ట్ వదిలేద్దామనుకుని ఆగాను, మంచిపనైంది, ఎందుకంటే చివరి సెమిస్టర్ తప్ప మిగతా అన్నిట్లో ఫుల్‌టైమ్ స్టూడెంట్‌గా ఉండాలి.

ఇంగ్లిష్ టెస్ట్ సంగతి ముందే తెలుసు. 2024 నవంబర్ 1 నుంచి అప్లై చేసేవాళ్లకి తప్పనిసరి: మాలాంటి కాలేజీ డిప్లొమాలకి సీఎల్‌బీ (కెనడా వాళ్లు భాషని కొలిచే స్థాయి) 5, యూనివర్సిటీ డిగ్రీలకి 7. నా పాత ఐఈఎల్‌టీఎస్ అకడమిక్, పైగా రెండేళ్లు దాటింది, రెండు విధాలా పనికిరాదు. సెల్పిప్ అనే కెనడా ఇంగ్లిష్ టెస్ట్ రాశాను. స్పీకింగ్ అందరిదీ ఒకే గదిలో, ఒకేసారి. పక్కావిడ వాళ్లమ్మాయి పెళ్లి గురించి గట్టిగా చెప్పుకుపోతుంటే నా మాట నాకే వినపడలేదు, హెడ్‌ఫోన్ చెవులకి అదిమిపట్టుకుని మాట్లాడాను. మార్కులు సరిపడా వచ్చాయి. మా జూనియర్లకి ఇంకో షరతు ఉంది, 2024 నవంబర్ 1 తర్వాత స్టడీ పర్మిట్‌కి అప్లై చేసి కాలేజీ డిప్లొమాలో చేరినవాళ్ల కోర్సు ప్రభుత్వం ఇచ్చిన లిస్టులో ఉండాలి. దయచేసి ఫీజు కట్టేముందే చూసుకోండి, ఏజెంట్ మాట మీద వదలకండి.

పాస్‌పోర్ట్ విషయంలో అక్కే కాపాడింది. నా పాతది 2025 డిసెంబర్‌కి అయిపోయేది, రెండేళ్ల కోర్సుకి మూడేళ్ల పర్మిట్ వస్తుంది గానీ పాస్‌పోర్ట్ ఎంతవరకుంటే అంతవరకే ఇస్తారు. ఆమె మార్చిలోనే నన్ను తోసి రెన్యువల్ చేయించింది. మనవాళ్లు చాలామందికి ఉన్నట్టే నాకూ పాత పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీ, పేరంతా ఒకేచోట. ఇప్పుడే విడగొట్టించుకుందామనుకుంటే, "స్టడీ పర్మిట్‌ల పేరు ఎట్లుందో అట్లనే ఉండనియ్యి" అని ఆపింది.

మే 26న 255 డాలర్లు కట్టి సబ్మిట్ చేశాను. అప్లై చేశాక ఫుల్‌టైమ్ చేయొచ్చు కాబట్టి ఆ వారమే షిఫ్టుకి వెళ్లాను, హెచ్‌ఆర్ అడిగితే అప్లికేషన్ అందినట్టు వచ్చిన కాగితం చూపించాను. తర్వాత రోజూ పొద్దున్నే అకౌంట్ తెరవడం, మూయడం.

సెప్టెంబర్‌లో కవరొచ్చింది. మెట్ల మీదే చింపాను. పేరు అక్షరం తేడా లేదు, గడువు 2028 సెప్టెంబర్. ఎదురుచూసిన నాలుగు నెలలూ అందులోంచి పోలేదన్నమాట. పైకి పరుగెత్తి అక్కకి చూపించి, అప్పుడు అమ్మకి వీడియో కాల్ చేసి, ఆ మూడు వారాల సంగతి కూడా చెప్పేశాను.